పాత ఫోన్ మొరాయిస్తే: కొత్తది కొనే ముందు ఇంట్లోనే వరసగా చూసుకోవాల్సినవి

పత్తి ఏరే కాలం మొదలైందంటే హనుమకొండలో నేను కూర్చున్న రిపేరు కౌంటర్ దగ్గర రోజంతా ఒకటే మాట: "అన్నా, చార్జింగ్ ఎక్కుతలేదు, బ్యాటరీ పోయినట్టుంది." పరకాల, నర్సంపేట, ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఫోన్లు అవి. లైటు వేసి చూస్తే చార్జింగ్ పిన్ (ఫోన్‌లో కేబుల్ పెట్టే రంధ్రం) లోపల దూది అచ్చు పోసినట్టు గట్టిగా కూరుకుపోయి ఉండేది. పుల్లతో దాన్ని బయటికి లాగి కేబుల్ పెడితే చార్జింగ్ ఎక్కేది. చాలా ఫోన్లలో బ్యాటరీ బాగానే ఉండేది. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిపోయే వాళ్ల ఫోన్లలో కారపు దుమ్ము, భూపాలపల్లి గనుల దగ్గరి నుంచి వచ్చిన వాటిలో బొగ్గు పొడి. ఏ పని చేసే వాళ్ల ఫోన్‌లో ఆ పని దుమ్మే ఉంటుంది.

ఆ కౌంటర్‌లో నేర్చుకున్నది ఒక్కటే: ఫోన్‌ను బయటి నుంచి లోపలికి చూసుకుంటూ పోవాలి. ఖర్చు లేనిది, మళ్లీ వెనక్కి తెచ్చుకోగలిగేది ముందు చేయాలి. డబ్బు పెట్టేది, వెనక్కి రానిది చివరన చేయాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఫోన్ హ్యాంగ్ కాగానే రీసెట్ కొడతారు, పిల్లల ఫోటోలన్నీ పోతాయి. రైతు భరోసా మెసేజ్, బ్యాంకు ఓటీపీ, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆ పాత ఫోన్‌కే వస్తుంటాయి కాబట్టి అది ఆగితే ఇంట్లో పనులు కూడా ఆగుతాయి. అందుకే కింద చెప్పినవి ఇదే వరసలో చూడండి.

మొదట లోపల ఉన్నది దాచుకోండి

ఫోన్ ఇంకా లేస్తుంటే, ఎంత మొరాయిస్తున్నా సరే, మొదటి పని ఇదే. సెట్టింగ్స్ తెరిచి గూగుల్ ఖాతాలో కాంటాక్ట్స్ సింక్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఖాతా లేకపోతే కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ అనే చోట నొక్కితే నంబర్లన్నీ ఒక ఫైలు అవుతాయి. ఆ ఫైలును వాట్సాప్‌లో ఇంట్లో ఇంకొకరికి పంపండి. నంబర్లు సిమ్‌లో ఉన్నాయి కదా అని ధైర్యంగా ఉండకండి, సిమ్‌లో పట్టేవి తక్కువ, పాత సిమ్ ఏ రోజైనా పాడవుతుంది. ఫోటోలు మెమరీ కార్డులోకో, కంప్యూటర్‌లోకో, గూగుల్ ఫోటోస్‌లోకో ఎక్కించండి. వాట్సాప్‌లో చాట్ బ్యాకప్ నొక్కండి.

డిస్‌ప్లే పగిలి టచ్ పనిచేయకపోయినా ఒక దారి ఉంది. ఓటీజీ అనే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. దానికి కంప్యూటర్ మౌస్ తగిలించి ఫోన్‌లో పెడితే తెర మీద బాణం గుర్తు వస్తుంది. ఫోన్ ఓటీజీని తీసుకునేదై ఉండి, తెర మీద బొమ్మ కనిపిస్తుంటే చాలు, ఆ మౌస్‌తోనే లాక్ తీసి ఫోటోలు పంపుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఫోటోల మీద ఆశ వదులుకున్న వాళ్లను చాలామందిని చూశాను.

చార్జింగ్ ఎక్కకపోతే

స్విచ్ బోర్డు దగ్గర మొదలుపెట్టండి. అదే సాకెట్‌లో ఇంకో ఫోన్ పెట్టి చూడండి. తర్వాత కేబుల్ మార్చండి, ఆ తర్వాత అడాప్టర్. మూడూ ఒకేసారి మార్చితే తప్పు ఎక్కడుందో తెలియదు. అన్నిటికంటే ముందు పోయేది కేబులే. పిన్ దగ్గర మడత పడి లోపలి తీగ తెగుతుంది, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది. కేబుల్‌ను వంచి ఒక కోణంలో పట్టుకుంటేనే చార్జింగ్ ఎక్కుతోందంటే తప్పు కేబుల్‌లోనో, ఫోన్ పిన్‌లోనో ఉన్నట్టు. ఇంకో కేబుల్‌తో కూడా అలాగే ఉంటే పిన్‌దే.

అడాప్టర్ మీద సన్నని అక్షరాల్లో ఔట్‌పుట్ అని రాసి ఉంటుంది. పాత ఫోన్లకు చాలావరకు 5 వోల్టులు, 1 లేదా 2 ఆంపియర్లు. కంప్యూటర్ యూఎస్‌బీలో పెడితే అర ఆంపియరే వచ్చే పోర్టులు చాలా ఉంటాయి, అందుకే రాత్రంతా పెట్టినా నిండదు. ఇది ఫోన్ లోపం కాదు.

పిన్ శుభ్రం చేయడానికి ఫోన్ పూర్తిగా ఆఫ్ చేయండి. టూత్‌పిక్ కొనను బ్లేడుతో ఇంకా పలచగా చెక్కి, అంచుల వెంబడి మెల్లగా కదిలిస్తూ దుమ్మును బయటికి లాగండి. పిన్నీసు, సూది, సిమ్ తీసే పిన్ పెట్టకండి. టైప్ సీ అయితే నడిమధ్య ఒక పలచని నాలుక ఉంటుంది, మైక్రో యూఎస్‌బీలో పైవైపున ఉంటుంది. అది వంగిందా, అక్కడితో చార్జింగ్ బోర్డు మార్చాల్సిందే. నోటితో ఊదకండి, ఉమ్మి తడి లోపలికి పోతుంది. కేబుల్ పెట్టినప్పుడు ముందు కంటే ఒక గింజ మందమైనా ఖాళీ కనిపిస్తోందంటే లోపల ఇంకా దూది ఉన్నట్టే.

నెలల తరబడి బీరువాలో పడేసిన ఫోన్ అయితే ఇంకొంచెం ఓపిక కావాలి. బ్యాటరీ మరీ అడుగంటితే చార్జర్ మొదట సన్నటి ధారలా మాత్రమే ఎక్కిస్తుంది, తెర మీద ఏమీ కనిపించదు. కనీసం అరగంట వదిలేసి చూడండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ రెండూ కలిపి 15 నుంచి 20 సెకన్లు నొక్కి పట్టండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఇలా బలవంతంగా మళ్లీ మొదలవుతాయి.

బ్యాటరీయే పోయిందని ఎలా తెలుసుకోవాలి

చార్జింగ్ 30 శాతం అని చూపిస్తూనే ఫోన్ ఆగిపోతోందా? కెమెరా తెరిచి ఫ్లాష్ ఆన్ చేసి ఒక ఫోటో తీయండి. ఆ క్షణంలోనే ఆరిపోతే బ్యాటరీ ముసలిదైందని గట్టిగా అనుమానించవచ్చు. లోపల నిరోధం పెరిగి, ఒక్కసారి ఎక్కువ కరెంటు అడగ్గానే వోల్టేజీ పడిపోతుంది. లిథియం అయాన్ బ్యాటరీలు సాధారణంగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా నింపి వాడేసరికి 80 శాతం సామర్థ్యం దగ్గరికి దిగుతాయి. సగం చొప్పున రెండుసార్లు నింపితే ఒకసారి కింద లెక్క. రోజూ చార్జి చేసే ఫోన్‌కు రెండు మూడేళ్లు గడిచాక ఈ పరిస్థితి మామూలే. దానికి ఫోన్ మార్చాల్సిన పని లేదు, బ్యాటరీ మార్చుకుంటే సరిపోతుంది.

తీసి పెట్టుకునే బ్యాటరీ ఉన్న ఫోన్లకు పాత పరీక్ష ఒకటి ఉంది. బ్యాటరీని గాజు బల్ల మీద పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగిందంటే నడిమధ్య ఉబ్బింది. తీయరాని బ్యాటరీ అయితే వెనక మూత లేవడం, డిస్‌ప్లే ఒక పక్క పైకి తేలడం చూడాలి. ఉబ్బిన బ్యాటరీతో ఒక్క రోజు కూడా వాడకండి, చార్జింగ్ పెట్టకండి, సూదితో గాలి తీయాలని అస్సలు చూడకండి. లోపల ఉన్నది మంట పుట్టించగల వాయువు. దిండు కింద ఫోన్ పెట్టి పడుకునే అలవాటు ఇంట్లో ఎవరికి ఉన్నా ఈ విషయంలో మొహమాటం లేకుండా చెప్పండి.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. ఈ బ్యాటరీలకు చుట్టూ 35 డిగ్రీల లోపు ఉంటే హాయి. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు ట్రాక్టర్ డాష్‌బోర్డు మీద, బండి ట్యాంక్ కవర్‌లో, రేకుల ఇంట్లో కిటికీ పక్కన పెట్టిన ఫోన్ త్వరగా పాడవుతుంది. వేడెక్కిన ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల నీటి చెమ్మ పడుతుంది. పైన వేసిన కవర్ తీసి నీడలో ఉంచితే చాలు. చార్జింగ్ పెడుతూ వీడియో చూడటం వేసవిలో మానేయాలి.

ఫోన్ హ్యాంగ్ అవుతుంటే

వంద ఫోన్లు హ్యాంగ్ అని వస్తే వాటిలో ఎక్కువ భాగం నిండిపోయిన ఫోన్లే. ఆండ్రాయిడ్ పని చేయడానికి తాత్కాలికంగా రాసుకునే చోటు కావాలి. మొత్తం స్టోరేజీలో 10 నుంచి 15 శాతం ఖాళీగా లేకపోతే అది ఊపిరాడనట్టు అవుతుంది. 16 జీబీ ఫోన్ అయితే కనీసం 2 జీబీ ఖాళీ ఉంచాలి.

సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరవండి. ఏది ఎంత తింటోందో అక్కడే కనిపిస్తుంది. చాలా ఇళ్లలో మొదటి స్థానం వాట్సాప్‌దే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ నొక్కితే 5 ఎంబీ కంటే పెద్ద ఫైళ్లు ఒకచోట వస్తాయి. పదిసార్లు ఫార్వర్డ్ అయిన వీడియోలు, శుభోదయం బొమ్మలు అక్కడి నుంచే తీసేయండి. అమ్మమ్మ గొంతు ఉన్న వాయిస్ మెసేజ్ లాంటివి మాత్రం ముందే పక్కకు తీసిపెట్టుకోండి, ఇది నేను చాలా మందికి చెప్పి చెప్పి అలవాటు చేశాను. తర్వాత ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపేయండి. లేకపోతే వారం తిరిగేసరికి మళ్లీ అంతే. గ్యాలరీలో డిలీట్ చేసినవి ట్రాష్‌లో కొన్నాళ్లు ఉంటాయి, దాన్ని కూడా ఖాళీ చేస్తేనే చోటు దొరుకుతుంది.

యాప్‌ల క్యాష్, అంటే అవి తాత్కాలికంగా దాచుకున్నది, క్లియర్ చేయొచ్చు, దానివల్ల ఏమీ పోదు. దాని పక్కనే ఉండే క్లియర్ డేటా వేరు, అది నొక్కితే ఆ యాప్‌లో మీ లాగిన్, మీ సమాచారం అన్నీ పోతాయి. రెండూ ఒకే పేజీలో ఉంటాయి కాబట్టి చదివి నొక్కండి. ఫోన్ స్పీడ్ పెంచుతామని చెప్పే క్లీనర్, బూస్టర్ యాప్‌లు వేయొద్దు. పాత ఫోన్‌కు అవే పెద్ద బరువు.

చోటు ఉన్నా హ్యాంగ్ అవుతోందా, లేక తెర మీద దానంతట అదే యాడ్ వచ్చి పడుతోందా? అప్పుడు సేఫ్ మోడ్ వాడాలి. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే పవర్ ఆఫ్ అని వస్తుంది, ఆ పదం మీదే వేలు నొక్కి ఉంచండి. చాలా ఫోన్లలో సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలా అని అడుగుతుంది. ఆ మోడ్‌లో మీరు వేసుకున్న యాప్‌లు ఏవీ నడవవు. అక్కడ ఫోన్ చక్కగా ఉందంటే తప్పు ఫోన్‌ది కాదు, ఏదో యాప్‌ది. ఈమధ్య వేసినవి ఒక్కొక్కటిగా తీసేస్తూ రండి. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలాన్ అనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ ఎక్కించేది) ఎవరైనా నొక్కారా అని ఇంట్లో అడగండి. నొక్కి ఉంటే నెట్ ఆపేసి, బ్యాంకుకు చెప్పి, డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తర్వాతే రిపేరు.

యాప్‌లన్నీ తెరవగానే మూసుకుపోతుంటే ప్లే స్టోర్‌లో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది), క్రోమ్ రెండూ అప్‌డేట్ చేయండి. 2021 మార్చిలో ఈ వెబ్‌వ్యూ అప్‌డేట్ ఒకటి దెబ్బతిని ప్రపంచమంతా ఫోన్లలో జీమెయిల్ లాంటి యాప్‌లు ఒక్కసారిగా మూసుకుపోయాయి. ఫోన్లు పాడయ్యాయని జనం కంగారు పడ్డారు, అప్‌డేట్‌తో సరిపోయింది.

సిగ్నల్ రాకపోతే

ముందు ఫోన్ తరం ఏదో తెలుసుకోవాలి. జియోకు 2జీ, 3జీ లేవు, 4జీ నుంచే మొదలు. కాబట్టి 3జీ కాలపు ఫోన్‌లో జియో సిమ్ వేసి సిగ్నల్ లేదని వెతికి లాభం లేదు. ఎయిర్‌టెల్ 2020లో దేశమంతా 3జీ ఆపేసింది. అప్పటి నుంచి 3జీ ఫోన్‌లో ఆ సిమ్ వేస్తే 2జీకి దిగుతుంది, కాల్స్ వస్తాయి, నెట్ నత్తనడక నడుస్తుంది. దానికి ఏ రిపేరూ లేదు.

4జీ ఫోన్ అయి ఉండీ కాల్స్ పోకపోతే ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి అర నిమిషం ఆగి తీయండి. తర్వాత సెట్టింగ్స్‌లో వోల్టీ (4జీ మీదే కాల్స్ మాట్లాడే సౌకర్యం) ఆన్‌లో ఉందో, నెట్‌వర్క్ టైప్ 4జీతో పాటు మిగతావి కూడా పట్టేలా ఆటోలో ఉందో చూడండి. సిమ్ తీసి, దాని బంగారు రంగు భాగాన్ని పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి పెట్టండి. అదే సిమ్ ఇంకో ఫోన్‌లో వేసి చూడడమే అసలు పరీక్ష. అక్కడ కూడా రాకపోతే సిమ్ మార్చుకోవాలి. మార్చుకున్నాక 24 గంటల వరకు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. మోసగాళ్లు వేరే సిమ్ తీసుకుని ఓటీపీలు కాజేయకుండా పెట్టిన నియమం ఇది. ఆ రోజు బ్యాంకు పని, మీసేవ పని పెట్టుకోకండి.

సిమ్ ఇంకో ఫోన్‌లో పనిచేసి ఇందులో పనిచేయకపోతే *#06# కొట్టండి. 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, రావాలి. ఖాళీగానో, అన్నీ సున్నాలుగానో వస్తే అది ఇంట్లో తేలే సమస్య కాదు. ఆ నంబరు సరిగ్గా వస్తే ఒక కాగితం మీద రాసి దాచుకోండి. రేపు ఫోన్ పోతే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో బ్లాక్ చేయడానికి అదే కావాలి.

తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల వైపు వెళ్లే వాళ్లకు ఇంకో మాట. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం పూర్తి బలంతో వెతుకుతూనే ఉంటుంది, పాత బ్యాటరీ అక్కడే అయిపోతుంది. మేడారం జాతరకు పోయినప్పుడు "పొద్దున నిండుగ ఉండె, మధ్యాహ్నానికి సచ్చిపోయింది" అనేది అందుకే. దారిలో ఏరోప్లేన్ మోడ్ పెట్టి, కావాల్సినప్పుడు తీయండి.

ఓటీపీ ఒక్కటే రాకపోతే మెసేజ్‌ల పెట్టె నిండిందేమో చూడండి. కీప్యాడ్ ఫోన్లలో ఇది చాలా మామూలు. పాతవి తీసేయగానే ఆగినవి వరసగా వస్తాయి. వెబ్‌సైట్లన్నీ సురక్షితం కాదని చెబుతుంటే తేదీ చూడండి. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు తేదీ ఎక్కడికో వెనక్కి పోయి ఉంటుంది.

టచ్, శబ్దం

చార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే టచ్ పిచ్చి పడితే అది నాసిరకం చార్జర్ పని, డిస్‌ప్లే మార్చొద్దు. కాల్ మధ్యలో తెర నల్లబడి తిరిగి వెలగకపోతే పైన చెవి దగ్గరి సెన్సార్ మీద మట్టో, టెంపర్డ్ గ్లాస్ అంచో అడ్డం వచ్చి ఉంటుంది. ఒకసారి నొక్కితే పచ్చ గీత వచ్చి ఫోన్ మాట్లాడుతోందా? అది దయ్యం కాదు, చూపు లేని వారి కోసం ఉన్న టాక్‌బ్యాక్. పెద్దవాళ్ల చేతిలో పొరపాటున ఆన్ అవుతుంది. సౌండ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు పట్టుకుంటే చాలా ఫోన్లలో ఆగుతుంది. ఆగకపోతే ఒకసారి నొక్కి ఎంచుకుని, రెండుసార్లు తట్టి తెరుస్తూ, రెండు వేళ్లతో జరుపుతూ సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి.

అవతలి వాళ్లకు మన మాట వినపడకపోతే వాయిస్ రికార్డర్‌లో మాట్లాడి వినండి, తర్వాత స్పీకర్ పెట్టి కాల్ చేయండి. ఒకదాంట్లో బాగుండి ఇంకోదాంట్లో లేకపోతే మైక్ రంధ్రం ఒకటి మూసుకుపోయినట్టు. మెత్తటి కొత్త బ్రష్షుతో పొడిగా తుడవండి, పిన్ను గుచ్చితే లోపలి పొర చిరుగుతుంది.

నీళ్లలో పడితే

నాటు వేసేటప్పుడు మడిలో పడ్డా, బావి దగ్గర పడ్డా మొదట ఆఫ్ చేయండి. వెలుగుతోందా అని మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటమే ఫోన్‌ను చంపేది. తడి మీద కరెంటు పారితే బోర్డు మీది గీతలు తుప్పు పట్టిపోతాయి. సిమ్, కార్డు, వస్తే బ్యాటరీ తీసి, పిన్ కిందికి ఉండేలా నిలబెట్టి ఫ్యాన్ గాలికి ఉంచండి. బియ్యంలో పెట్టకండి. బియ్యపు పొడి, నూక పిన్‌లోకి పోతుంది. 2024లో ఆపిల్ సంస్థ కూడా ఇదే మాట చెప్పింది. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు. ఆన్ కాకుండానే దుకాణానికి తీసుకెళ్లి బోర్డు శుభ్రం చేయించుకుంటే బతికే అవకాశం ఎక్కువ. ఎండబెట్టాక పనిచేసినా ఆ రోజే ఫోటోలు దాచుకోండి, తుప్పు మెల్లగా వారాల తర్వాత కూడా తింటుంది.

లోగో దగ్గరే ఆగిపోతే

పవర్, సౌండ్ బటన్ కలిపి నొక్కి పట్టి రికవరీ మెనూలోకి వెళ్తే అక్కడ వైప్ క్యాష్ పార్టిషన్ అని ఉంటే ముందు అది చేయండి, మీ డేటా పోదు. వైప్ డేటా, ఫ్యాక్టరీ రీసెట్ అన్నది మాత్రం అంతా తుడిచేస్తుంది. ఆండ్రాయిడ్ 5.1, ఆ తర్వాతి ఫోన్లలో ఇలా రీసెట్ చేస్తే ఇంతకుముందు ఉన్న గూగుల్ ఖాతా, పాస్‌వర్డ్ అడుగుతుంది. దుకాణం వాళ్లు ఎప్పుడో పెట్టిన ఈమెయిల్ గుర్తులేక ఫోన్ అలాగే ఇరుక్కుపోయిన వాళ్లు ఎందరో. రీసెట్‌కు ముందే ఆ ఖాతా ఏదో తెలుసుకోండి.

కొన్నిటికి మాత్రం వయసే కారణం. 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 5 కంటే పాత వాటిలో వాట్సాప్ నడవడం లేదు. అలాంటి ఫోన్‌ను కాల్స్‌కు, అలారానికి, పాటలకు ఉంచుకోవచ్చు. బ్యాంకు యాప్‌లు మాత్రం అందులో వద్దు.

దుకాణానికి ఇచ్చేటప్పుడు

సిమ్, మెమరీ కార్డు తీసి జేబులో పెట్టుకోండి. యూపీఐ యాప్‌లు తీసేయండి, రిపేరు అయ్యాక అదే సిమ్‌తో మళ్లీ నమోదు చేసుకోవచ్చు. లాక్ నంబరు చెప్పక తప్పకపోతే తాత్కాలికంగా మార్చి చెప్పండి. "సాఫ్ట్‌వేర్ కొట్టాలి" అంటే డేటా పోతుందా అని ముందే అడగండి. డిస్‌ప్లే కాంబో (తెర, టచ్ కలిసి వచ్చేది) ఒరిజినలా, కాపీనా, ఎన్ని రోజుల గ్యారంటీ అన్నది బిల్లు మీద రాయించుకోండి. మార్చిన పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

ఇక కౌంటర్ దిగే ముందు అక్కడే నిలబడి ఒక కాల్ చేయండి, ఇంకొకటి రప్పించుకోండి. స్పీకర్ పెట్టి మాట్లాడండి. ముందు, వెనక కెమెరాలతో ఒక్కో ఫోటో తీయండి. చార్జర్ పెట్టించి గుర్తు వచ్చిందో లేదో చూడండి. తెర నాలుగు మూలలా వేలితో గీయండి. అన్నీ సరిగ్గా ఉన్నాకే డబ్బులు ఇవ్వండి.